యాక్టివా ఎక్కిన విజేత

చరిత్ర రాసేవాళ్లకి ఒక రోగం ఉంది, గెలిచినవాడి పేరే రాస్తారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున మన రేసు ట్రాక్ గురించి ఎక్కడ చదివినా అదే వరస: 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు, 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఈ అనే కరెంటు కార్ల రేసు, విజేత ఫ్రాన్స్‌కి చెందిన జాన్ ఎరిక్ వెర్న్, హైదరాబాద్ ప్రపంచ పటంలోకి ఎక్కింది, శుభం. మరి ముందురోజు శుక్రవారం, ప్రాక్టీసు మొదలవ్వాల్సిన పూట, ఏకంగా ట్రాక్ మీదకే బండ్లేసుకుని వచ్చేసిన మన జనం సంగతేంటి? వాళ్ల వల్ల ప్రాక్టీసే ఆలస్యమైంది కదా! ఒక్క లైనన్నా రాయొద్దా?

ఆ మహానుభావుల్లో ఒకాయన్ని నేను రోజూ ఊహించుకుంటాను. యాక్టివా, ముందు కాళ్ల దగ్గర కూరగాయల సంచి, హెల్మెట్ చేతికి తగిలించుకుని. ఖైరతాబాద్‌లో ఆపారు, లక్డీకాపూల్‌లో తిప్పారు, తెలుగుతల్లి ఫ్లైఓవర్ దగ్గర వెనక్కి పొమ్మన్నారు, లిబర్టీ దగ్గర అసలు మాట్లాడేవాడే లేడు. చివరికి ఎక్కడో రెండు బారికేడ్ల మధ్య సందు కనిపించింది. దూరాడు. దూరి చూస్తే అద్దంలాంటి తారు, ఒక్క గుంత లేదు, ఒక్క స్పీడ్ బ్రేకర్ లేదు, ఎదురొచ్చే ఆటో లేదు. జీవితంలో మొదటిసారి హైదరాబాద్‌లో మంచి రోడ్డు మీద బండి నడుపుతున్నాడు పాపం, అది తనకోసం వేసింది కాదని ఎలా తెలుస్తుంది? గంటకు 322 కిలోమీటర్లు వెళ్లగల కార్ల కోసం వేసిన రోడ్డు మీద 40లో, ఎడమవైపే, ఇండికేటర్ వేసి మరీ మలుపు తిరిగాడు. మర్నాడు అదే ట్రాక్ మీద జాగ్వార్ టీమ్ కార్లు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, మావాడు మాత్రం కూరగాయలతో సహా క్షేమంగా ఇంటికెళ్లాడు. డ్రైవింగ్ ఎవరికొచ్చో మీరే చెప్పండి.

అంతకుముందు చరిత్ర కూడా ఘనమే. 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్ అని ఊరంతా దిగ్బంధం చేశారు. ప్రమాదాలూ ఆలస్యాలూ అన్నీ కలిసి పొద్దుగూకింది, రేసులు రద్దన్నారు. రేసు జరగని ట్రాఫిక్ జామ్ అన్నమాట, అచ్చంగా మనదే. డిసెంబరులో మళ్లీ వచ్చారు, మళ్లీ రోడ్లు మూశారు.

ఇక రెండో ఫార్ములా-ఈ 2024 ఫిబ్రవరి 10న అన్నారు. తేదీ గమనించారా, మన యాక్టివా ఆయన ట్రాకెక్కిన రోజుకి సరిగ్గా ఏడాది! ప్రభుత్వం మారింది, జనవరిలో రేసు పోయింది. ఆ జరగని రేసు కోసం నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు 55 కోట్లు ఇచ్చేశారని 2024 డిసెంబరులో ఏసీబీ కేసు, వెనకాలే ఈడీ. తప్పెవరిదో కోర్టు చూసుకుంటుంది. జరిగిన రేసేమో గంటలోపే అయిపోయింది.

ఇదంతా దేనికయ్యా అంటే పర్యావరణం కోసమట. పొగరాని కార్లు, కాలుష్యం లేని భవిష్యత్తు. మంచిదే, కానీ ఆ మాట చెప్పడానికి ఎక్కడ నిలబడ్డారో చూసుకోవద్దా? 1562లో తవ్వించిన చెరువు అది, ఒకప్పుడు ఊరికి నీళ్లిచ్చింది. ఇప్పుడు కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చే మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు దశాబ్దాలుగా దాని కడుపులో పోస్తున్నాం. ఎండాకాలం సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లి ఆ గట్టు మీద పది నిమిషాలు కూర్చోబెట్టండి చూద్దాం. హడావుడిగా వేసిన తారు, రాత్రికి రాత్రి కట్టిన స్టాండ్లు, మెరిసే లైట్లు, ఇవన్నీ చేతనైనవాళ్లకి నాలా నీళ్లు శుద్ధి చేసి వదలడం మాత్రం చేతకాదా? చేతకాక కాదు, ఆ పనికి టీవీలో లైవ్ రాదు, వీఐపీ పాసులుండవు, సినిమావాళ్లు రారు. బోటెక్కి బుద్ధుడి దగ్గరికెళ్లేవాడు టికెట్టు కొని మరీ ముక్కు మూసుకుంటున్నాడు, ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా అంతే. సిగ్గుండాలి.