ఏనుగు గుర్తుంది, ఎత్తిన బరువు గుర్తులేదు

శ్రీకాకుళంలో కోడి రామమూర్తి పేరుతో స్టేడియం ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో సాము నేర్చి, సొంత సర్కస్‌తో దేశమంతా తిరిగి ‘కలియుగ భీముడు’ అనిపించుకున్న ఆయన గురించి ఉత్తరాంధ్రలో ఎవరిని అడిగినా మూడు సంగతులు చెబుతారు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకున్నారు, ఊపిరి బిగబట్టి ఇనుప గొలుసు తెంచారు, రెండు కార్లను కదలకుండా ఆపారు. మరి ఆయన ఎన్ని కిలోలు ఎత్తేవారని అడగండి. ఎవరూ చెప్పలేరు.

ఆయన బలవంతుడే. నా పేచీ ఆయనతో కాదు, బలాన్ని మనం గుర్తుపెట్టుకునే పద్ధతితో.

ఏనుగు సంగతే చూద్దాం. ఛాతీ మీద పొడవాటి చెక్క వేస్తారు, దాని మీదుగా ఏనుగు నడుస్తుంది. చెక్క ఒక కొస నేల మీద ఉన్నంతసేపూ బరువులో కొంత భాగం నేలే మోస్తుంది. మిగిలింది ఒక్కచోట గుచ్చుకోకుండా చెక్క అడుగున పరుచుకుంటుంది. పైగా బరువును పైకి లేపడం వేరు, బిగదీసుకుని కాసేపు భరించడం వేరు. రెండో దానిలో కండ కన్నా ఎముకల అమరిక, ఊపిరి మీద అదుపు, ఏనుగు ఎక్కడ అడుగు వేయాలో తెలిసిన మావటి ఎక్కువ పని చేస్తారు. చెక్క జారినా, అడుగు తప్పినా పక్కటెముకలు మిగలవు. అందుకే ఇది మోసం కాదు, ప్రాణాంతకమైన విద్య. విద్య కాబట్టే నేర్చుకోవచ్చు కూడా. 1950ల్లో రేబా రక్షిత్ అనే బెంగాలీ మహిళ సర్కస్‌లో ఇదే చేసి చూపించారు. యూరప్‌లో బల ప్రదర్శనలకు పేరుపడ్డ యూజెన్ సాండో ఇలాగే చెక్క మీద గుర్రాలను నడిపించాడు.

రెండు కార్లు ఎదురెదురు దిక్కులకు లాగితే ఒకదాని బలం రెండోదాన్ని చాలావరకు కొట్టేస్తుంది. మధ్యలో ఉన్న మనిషి ఆ రెంటినీ కలిపే తాడు లాంటివాడు. అతని చేతులు, పట్టు, భుజాల కీళ్లు తెగకుండా నిలవాలి. అది చిన్న విషయం కాదు. కానీ రెండు కార్ల బలానికి సమానమైన బలం అతనిలో ఉందని అనుకుంటే లెక్క తప్పినట్టే. గొలుసు విషయానికొస్తే, ఎంత లావుదైనా అది తెగేది బలహీనమైన లింకు దగ్గరే.

ప్రేక్షకుడికి ఈ లెక్కలు అక్కర్లేదు. టికెట్ కొన్నది ఆశ్చర్యపోవడానికి. ఆ కాలంలో ప్రపంచమంతటా బలం ప్రదర్శన సరుకే. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పెట్టారు గానీ శరీర బరువును బట్టి విభాగాలు లేవు. రెండు చేతుల పోటీలో డెన్మార్క్‌కు చెందిన విగ్గో యెన్సెన్, బ్రిటన్‌కు చెందిన లాన్సెస్టన్ ఎలియట్ ఇద్దరూ 111.5 కిలోలే ఎత్తారు. యెన్సెన్ ఎత్తిన తీరు పొందికగా ఉందని మొదటి స్థానం అతనికిచ్చారు. కిలోలు తూచాక కూడా చివరి మాట కంటిదే అయింది. ఐదేళ్ల తర్వాత, 1901లో, సాండో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పెట్టిన పోటీలో కిలోల ఊసే లేదు, శరీరాలు ఎంత తీర్చిదిద్దినట్టున్నాయో చూశారు. ఈనాటి జిమ్‌లో నాలుగు గోడలకూ అద్దాలు ఎందుకున్నాయో తెలియాలంటే అక్కడినుంచి మొదలుపెట్టాలి.

అసలు మార్పు తెచ్చింది ఓ ఇనుప కడ్డీ. సర్కస్ బలవంతులు ఎత్తిన బోలు ఇనుప గుండ్లలో ఇసుకో సీసపు గుళ్లో పోసేవారు. లోపల ఎంత ఉందో చూసేవాడికి తెలియదు. 1902లో అలన్ కాల్వర్ట్ ఫిలడెల్ఫియాలో మైలో బార్‌బెల్ కంపెనీ పెట్టి, బరువు మార్చుకునే బార్‌బెల్ అమ్మడం మొదలుపెట్టాడు. నిన్నటి కన్నా ఇవాళ కాస్త ఎక్కువ, ఆ కాస్త ఎంతో అంకెల్లో. దూడను రోజూ మోస్తూ చివరికి ఎద్దునే మోశాడని గ్రీకులు చెప్పుకున్న మైలో పేరు ఆ కంపెనీకి పెట్టడం ఊరికే జరగలేదు. 1940ల్లో థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు గాయపడిన సైనికుల కాళ్లకు ఇదే పద్ధతిలో బలం తెప్పించి 1945లో ప్రచురించాడు. ఇవాళ మన వీధి చివర జిమ్‌లో ట్రైనర్ చెప్పే ‘మూడు సెట్లు, పదేసి రెప్స్’ చాలావరకు ఆయన చలవే. అంతవరకు ఎక్కువ బరువులెత్తితే కండరాలు బిగుసుకుపోతాయని డాక్టర్లే భయపెట్టేవారు.

మన దగ్గర కసరత్తు లేక కాదు. దండాలు, బస్కీలు, ముద్గరాలు ఉన్నాయి. ఆ ముద్గరాల్నే బ్రిటిష్ సైన్యం పట్టుకుపోతే అవి ‘ఇండియన్ క్లబ్స్’ అయ్యాయి. 1904, 1932 ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్ అంశంగా కూడా కనిపించాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు ఉన్నాయి. వాటిలో చెక్క లేదు, మావటి లేడు. రాయి లేచిందా లేదా, అంతే. నా లెక్కలో ఏనుగు ప్రదర్శన కన్నా ఇదే బలానికి నిజాయితీ గల పరీక్ష. కానీ మనం విగ్రహాలు పెట్టేటప్పుడు గుర్తొచ్చేది ఏనుగే.

ఆ నేల నుంచే వెయిట్‌లిఫ్టర్ ఊసవానిపేట కరణం మల్లీశ్వరి వచ్చింది. విజయనగరం దగ్గరి కొండవెలగాడ నుంచి మత్స సంతోషి వచ్చింది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆమెకు మొదట దక్కింది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది. ఒంట్లో ఏ మందు ఉందో కూడా తూచే స్థాయికి ఈ ఆట వచ్చిందన్నమాట. అసలు ఆడపిల్లలను ఒలింపిక్స్ వేదిక ఎక్కనివ్వడానికే ఈ క్రీడకు 2000 వరకు పట్టింది. మగవాళ్లు ఎత్తడం మొదలుపెట్టి అప్పటికి 104 ఏళ్లు.

ఇప్పుడు రీల్స్‌లో పళ్లతో వ్యాన్ లాగేవాళ్లు, పొట్ట మీద బండరాయి పగలగొట్టించుకునేవాళ్లు మళ్లీ వచ్చారు. లైకులూ వాళ్లకే. చూడొద్దని అనను, నేనూ చూస్తాను. కానీ వ్యాన్ బరువెంత, రోడ్డు ఏటవాలుగా ఉందా, టైర్లలో గాలి ఎంత అన్నది ఎవరూ చెప్పరు.

ఆ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లోనే మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణం కోసం చివరి ప్రయత్నంలో 137.5 అడిగింది, లేవలేదు. ఆమె ఎత్తలేకపోయిన ఆ బరువు కూడా ఒలింపిక్ రికార్డుల్లో అరకిలోతో సహా ఉంది. రామమూర్తి నాయుడు ఏ బరువు దగ్గర ఆగిపోయారో మనకు అందిన ఏ కథా చెప్పదు.