పాత దస్తావేజుల్లో పేరూ నంబరూ తప్ప ఏమీ ఉండవా?

హాంకాంగ్‌లో వ్యాపారం చేసిన చైనా పూర్వీకుల కోసం వెతికేవాళ్ళ మధ్య ఒక పోస్టు తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: ముత్తాత ఎవరెవరితో వ్యాపారం చేశాడో తెలియాలంటే ఇంట్లో ఉన్న వంశావళి ఒక్కటే దిక్కు, ఆస్తి రికార్డుల్లో పేరూ స్థలం నంబరూ తప్ప ఏమీ ఉండవు, ఆ పేర్లు కూడా ఇంగ్లీషువాళ్ళు చెడగొట్టినవే, పైగా జపాన్ వాళ్ళొచ్చినప్పుడు అన్నీ కాలిపోయాయి, ఒకవేళ దొరికినా ఒకే ఇంటిపేరు కనిపిస్తే చుట్టాలని రాసుకోవడం తప్ప చేసేదేం లేదు. రాసినాయన ఒక్కసారైనా ఆ కాగితాలు తిప్పి చూశాడా అని నా అనుమానం.

ముందు కాలిపోవడం సంగతి. 1941 డిసెంబరు నుంచి 1945 ఆగస్టు దాకా సాగిన ఆక్రమణలో చాలా ప్రభుత్వ ఫైళ్ళు పోయిన మాట నిజమే. కానీ 1844లో చట్టం చేసి మొదలుపెట్టిన భూమి రిజిస్ట్రేషన్ పత్రాలు మిగిలాయి. మిగిలాయి కాబట్టే కార్ల్ స్మిత్ అనే అమెరికన్ మిషనరీ యుద్ధం అయిపోయిన చాన్నాళ్ళకి వచ్చి, ఏళ్ళ తరబడి కూర్చుని, వాటినీ వీలునామాలనూ పన్ను పుస్తకాలనూ పాత పత్రికలనూ జల్లెడపట్టి దాదాపు 1,40,000 కార్డులు రాసుకోగలిగాడు. ఆ కార్డులు ఇప్పుడు హాంకాంగ్ ప్రభుత్వ రికార్డుల విభాగంలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. బూడిద చూసి రాయలేదు కదా.

ఇక "పేరూ నంబరూ తప్ప" అన్న మాట. దస్తావేజు రిజిస్టర్ చేసేటప్పుడు దాని సారం రాసిచ్చే కాగితాన్ని అక్కడ మెమోరియల్ అంటారు. ఎవరు ఎవరికి రాసిచ్చారు, ఎంత సొమ్ము, ఏ లాట్‌లో (అంటే నంబరేసిన స్థలంలో) ఏ ముక్క, సాక్షి ఎవరు, అన్నీ అందులో తెలుస్తాయి. స్థలం కొనేముందు ఈసీ తీయించిన ఎవరికైనా తెలుసు, అసలు కథ అమ్మకాల్లో కాదు, తనఖాల్లో ఉంటుందని. ఇక్కడా అంతే. విదేశీ కంపెనీ కాంప్రడార్‌ను (కంపెనీ తరఫున స్థానిక వ్యాపారులతో బేరాలు నడిపే చైనా మధ్యవర్తి, మన మద్రాసు దుబాసీ లాంటివాడు) పెట్టుకునేటప్పుడు పూచీ అడిగేది, ఆ పూచీ కింద ఆయనో, ఆయన తరఫున నిలబడినవాళ్ళో ఆస్తులు తనఖా పెట్టేవాళ్ళు. అంటే ముత్తాత ఇల్లు ఏదో బ్యాంకుకో షిప్పింగ్ కంపెనీకో తనఖాలో కనిపిస్తే అప్పులపాలయ్యాడని ఏడవక్కర్లేదు, ఎవరి కాంప్రడార్‌గిరీకి హామీ ఉన్నాడో చూడాలి. 1892లో హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు కాంప్రడార్ లో హాక్ పాంగ్ పెద్ద అప్పు మిగిల్చి పరారయ్యాడు. అలాంటిది జరిగినప్పుడు తెలుస్తుంది, పూచీ సంతకం ఎంత దగ్గరివాళ్ళు పెట్టేదో. వంశావళిలో ఈ ముక్క ఎవరైనా రాస్తారా?

పేర్లు గందరగోళమే, ఒప్పుకుంటాను. బ్రిటిష్ నౌకలకు సరుకులందించి భూములు సంపాదించిన లూ ఆక్వీకి లూ కింగ్ అనే పేరూ ఉంది. ఆయనతో కలిసి 1847లో మాన్ మో గుడి కట్టించాడని చెప్పే టామ్ అచోయ్ పేరైతే ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగు. దీనికి తోడు చాలామంది సొంత పేరుతో కాక 'టాంగ్' పేరుతో, అంటే కుటుంబమో ట్రస్టో పెట్టుకున్న పేరుతో కొనేవాళ్ళు. భాగస్వాముల దుకాణం ఆస్తి ఒకరిద్దరి పేర్ల మీదే ఉండి, దుకాణం పేరు అసలు కనిపించకపోవచ్చు. అందుకే పేరు పట్టుకుని వెతకరు, లాట్ నంబరు పట్టుకుని వెతుకుతారు. స్పెల్లింగు ఎన్నిసార్లు మారినా లాట్ నంబరు నిలుస్తుంది, ముక్కలు చేసినా సెక్షన్ అక్షరం తగిలించి అదే నంబరు వాడతారు. ఆ లాట్ చేతులు మారిన వరస మొత్తం దించుకుని, పక్క లాట్లు కూడా చూస్తే, పదేపదే వచ్చే పేర్లు నాలుగైదు బయటపడతాయి. సంతకం చైనా అక్షరాల్లో ఉంటే పని ఇంకా సులువు.

ఒకే ఇంటిపేరు కాబట్టి చుట్టాలే అనడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. చాన్‌లూ వాంగ్‌లూ కొల్లలు. ఊరు ఒకటా, వీలునామాలో పేరుందా అని చూడకుండా బంధుత్వం కలపకూడదు. సాక్షి విషయంలోనూ అంతే, ఆయన చాలాసార్లు లాయరు ఆఫీసు గుమాస్తానో దుభాషో అయ్యుంటాడు, ముత్తాత స్నేహితుడు కాదు.

వంశావళి ఒక్కటే దిక్కు అనేవాళ్ళు ఎన్‌జీ అక్యూ సంగతి చూడాలి. అమెరికన్ కెప్టెన్ ఎండికాట్‌తో ఉన్న ఈవిడ సొంతంగా నల్లమందు వ్యాపారం చేసింది. ఆయన ఇంకొకరిని పెళ్ళాడేటప్పుడు ఈవిడ కోసం ఆస్తిని ట్రస్టులో పెట్టాడు. ఇలాంటి ఆడవాళ్ళు వంశావళుల్లో సాధారణంగా కనిపించరు. భూమి కాగితాల్లో కనిపిస్తారు.

ఒక్క జాగ్రత్త మాత్రం పోస్టులో ఉండాల్సింది, లేదు. 1880-81లో హాంకాంగ్‌లో భూముల వెర్రి పట్టింది, ఆ తర్వాత ధరలు కుప్పకూలాయి. ఆ రెండేళ్ళ కాగితాల్లో ముత్తాత పేరు మీద పెద్ద అంకె కనిపిస్తే సంబరపడేముందు, దాని తర్వాతి తనఖా చూడండి.