ఒక్క సంతకం కోసం నరకానికి పోతారా అంటే, పోతారు

ఆర్.ఎఫ్. క్వాంగ్ 2025 నవల ‘కటాబసిస్’ నిన్న రాత్రి పూర్తి చేశాను. నాకంటే ముందు చదివిన ఫ్రెండ్ ఒక్క ముక్కలో తేల్చేసింది. "అతిగా ఉంది. సిఫారసు లేఖ కోసం ఎవరైనా నరకానికి పోతారా?" ఆ మాట విన్నప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

కేంబ్రిడ్జ్‌లో మంత్రవిద్య మీద పీహెచ్‌డీ చేస్తున్న ఆలిస్, పీటర్. మంత్రప్రయోగం బెడిసికొట్టి వాళ్ల గైడ్ గ్రైమ్స్ చనిపోతాడు. ఆయన లేఖ లేకపోతే వీళ్లకి భవిష్యత్తు లేదు. సుద్దముక్కతో యంత్రం గీసి, మిగిలిన ఆయుష్షులో సగం ధారపోసి, ఆయన్ని వెనక్కి తేవడానికి నరకంలోకి దిగుతారు.

సగం ఆయుష్షు అతి అనుకుంటే మన లెక్క చూడండి. 2022 యూజీసీ నిబంధనల్లో పీహెచ్‌డీకి గరిష్ఠంగా 6 ఏళ్లు, మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో 2. అంటే 24కి చేరిన మనిషి 32కి బయటికి రావచ్చు. అన్నేళ్లూ సినాప్సిస్ (థీసిస్ సారాంశం) నుంచి ఫెలోషిప్ కాగితం దాకా ఒకే మనిషి సంతకం కోసం కాచుకోవాలి.

నేను రీసెర్చ్ చేసింది తిరుపతిలో. ఊరు అలాంటిది కాబట్టి మా గైడ్ చుట్టాలు వారం వారం దిగేవాళ్లు. స్టేషన్‌కి వెళ్లి తీసుకురావడం, రూమ్ చూడటం, తెల్లవారుజామున సర్వదర్శనం టోకెన్ల లైన్ దగ్గర దింపడం, అన్నీ స్కాలర్ల పనే. కాదంటే చాప్టర్ టేబుల్ మీదే నెలలు పడి ఉండేది. మాలో అందరికంటే తెలివైన అమ్మాయి ఐదో ఏట వదిలేసి వెళ్లిపోయింది. ఇప్పుడు చిత్తూరులో వాళ్ల నాన్న బెల్లం మండీ లెక్కలు చూస్తోంది.

కఠోపనిషత్తులో నచికేతుడు యముడి ఇంట మూడు రాత్రులు తిండి లేకుండా ఎదురుచూశాడు. వచ్చాక యముడు అతిథిని పస్తుపెట్టానని నొచ్చుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. మా గైడ్ గది బయట బెంచీ మీద మేము కూర్చున్న రోజులకి ఒక్క "సారీ అమ్మా" కూడా దక్కలేదు.

నవలలో లోపాలు లేవనను. మధ్యలో తర్కశాస్త్రం చర్చలు ఎక్కువై కథ నత్తనడక నడిచింది. కానీ అందులోని దయ్యాలు నన్ను భయపెట్టలేదు. అంత బాధపెట్టిన మనిషి మెప్పు కోసమే ఆలిస్ ఇంకా తపించడం భయపెట్టింది. మా గైడ్ ఒకసారి "బాగా రాశావు" అన్నారు. నెల రోజులు ఆ మాటతోనే బతికాను. పక్క సీటు ఖాళీ అయిందన్న బాధ కూడా ఆ నెలలో నాకు గుర్తుకు రాలేదు.

ఆ అమ్మాయి రాసిన మూడు చాప్టర్లు ఇంకా నా బీరువాలోనే ఉన్నాయి. ఈ వారం చిత్తూరు వెళ్లి ఇచ్చి వస్తాను.