మూర్ఛ మందు ఆగకూడదు

పెళ్లి సంబంధం కుదిరిందనగానే అమ్మాయి మందుల చీటీలను బీరువా అడుగున దాచేసే ఇళ్లు మన మధ్య చాలానే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఫిట్స్‌కు మాత్రలు వాడుతోందన్న సంగతి మగపెళ్లివారికి తెలియకూడదని తల్లిదండ్రుల భయం. అత్తారింట్లో నలుగురి ముందు మాత్ర వేసుకోలేక ఆ అమ్మాయి మందు మానేస్తుంది. కొన్నాళ్లకు మూర్ఛ తిరగబెడుతుంది. గుట్టు ఎలాగూ బయటపడుతుంది, పైగా ప్రాణం మీదికి వస్తుంది. రోజూ వాడే మందును హఠాత్తుగా ఆపేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చే ప్రమాదముంది.

ఈ భయానికి ఒకప్పుడు చట్టమే ఊతమిచ్చింది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పిచ్చితో కలిపి పెళ్లికి అనర్హతగా రాశారు. 1999లో పార్లమెంటు సవరణ తెచ్చి ఆ మాట తొలగించింది. పాతికేళ్లు దాటినా ఆ సంగతి ఎన్ని ఇళ్లకు చేరింది?

మూర్ఛ మెదడు జబ్బు. మెదడు కణాల మధ్య నడిచే విద్యుత్ సంకేతాలు కాసేపు అదుపు తప్పితే ఫిట్స్ వస్తాయి. కొందరు కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ పడిపోతారు. కొందరు పిల్లలు క్లాసులో కొన్ని సెకన్లు ఎటో చూస్తూ ఉండిపోతారు, పరధ్యానమనుకుని టీచర్లు కోప్పడతారు. కాన్పులో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ, పక్షవాతం, మెదడువాపు, పొట్టలోకి చేరిన బద్దెపురుగు గుడ్ల వల్ల మెదడులో ఏర్పడే తిత్తులు... కారణాలు చాలా. ఎంతోమందిలో కారణం తేలదు కూడా. గాలి సోకడం, శాపం తగలడం మాత్రం ఈ జాబితాలో లేవు. తాయెత్తుల కోసం తిరిగిన నెలలన్నీ వైద్యం అందని నెలలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సుమారు 5 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. సరిగా గుర్తించి మందులిస్తే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. మందులు కొత్తవీ కావు, అన్నీ ఖరీదైనవీ కావు. ఫినోబార్బిటోన్ 1912 నుంచి వాడుకలో ఉంది. కనీసం రెండేళ్లు ఫిట్స్ రాకపోతే కొందరికి డాక్టర్లే డోసు నెమ్మదిగా తగ్గించి ఆపేస్తారు. మందులకు లొంగని వారిలో కొందరికి ఆపరేషన్ పనిచేస్తుంది. త్రివేండ్రంలోని శ్రీచిత్ర సంస్థ 1990ల నుంచి ఇది చేస్తోంది, హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఆ సౌకర్యం ఉంది.

ఆడవాళ్ల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు గర్భంలోని బిడ్డకు లోపాలు తెచ్చే ముప్పు ఎక్కువ. అందుకే పిల్లల కోసం అనుకున్నప్పుడే డాక్టరును కలిసి మందు మార్చుకోవాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. జబ్బును దాచి పెళ్లి చేసిన అమ్మాయికి ఈ మాట అడిగే అవకాశం ఎక్కడిది? మూర్ఛ ఉన్న తల్లుల్లో ఎక్కువమంది ఆరోగ్యమైన బిడ్డల్నే కంటున్నారని పెద్దలకు చెప్పేవాళ్లూ లేరు.

రోడ్డు మీద ఎవరైనా పడిపోతే చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇప్పటికీ చూస్తున్నాం. వాటివల్ల ఫిట్స్ ఆగవు, వచ్చినవి చాలాసార్లు వాటంతటవే తగ్గుతాయి. నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు. చుట్టూ ఉన్న రాళ్లు, ఇనుప సామాను తీసేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి.

ఏటా నవంబరు 17న జాతీయ మూర్ఛ దినం పేరిట ర్యాలీలు జరుగుతాయి. జరగనివ్వండి. రెండు తెలుగు ప్రభుత్వాలనూ మేం అడిగేది వేరు. బీపీ, షుగరు మాత్రల్లాగే మూర్ఛ మందులూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏడాది పొడవునా దొరకాలి. నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. కూలి మానుకుని వచ్చిన మనిషిని స్టాకు లేదని తిప్పి పంపితే ఆ రాత్రే అతనికి ఫిట్స్ రావచ్చు. మందు తీసుకోవడానికి రాని వారి ఇంటికి ఆశా కార్యకర్త వెళ్లి కనుక్కోవాలి, ముఖ్యంగా కొత్తగా పెళ్లై వేరే ఊరు వెళ్లిన అమ్మాయిల పేర్లు ఆ ఊరి కేంద్రానికి గుట్టుగా చేరాలి. న్యూరాలజిస్టులు నగరాల్లోనే ఉన్నారు కాబట్టి పీహెచ్‌సీ డాక్టర్లకు ఈ జబ్బుపై శిక్షణ ఈ ఏడాదే మొదలుకావాలి.