తుప్పు పట్టిన 59 పీసుల కిట్టు గారికి

విశాఖపట్నం,
పూర్ణా మార్కెట్ దగ్గరి నుంచి.

మహారాజశ్రీ 59 పీసుల లెదర్ క్రాఫ్ట్ కిట్టు గారి సముఖానికి,

ఇక్కడ మేము క్షేమం. తమరూ క్షేమమని తలుస్తాం అని రాయబోయి ఆగాం. జిప్పు తీసి చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. తోలు మీద గాడి గీసే గ్రూవర్ మొన మీద అప్పుడే గోధుమరంగు చుక్కలు లేచాయి. ఇది సముద్రం ఒడ్డున ఊరు. ఏడాదిలో చాలా నెలలు గాల్లో తేమ 70 శాతం పైనే ఉంటుంది. తమరిని పెట్టెలో సర్దినవాళ్లు ఆ ముక్క తమరి చెవిన వేసినట్టు లేరు.

ముందు తమరి లెక్క తేలుద్దాం. నగిషీ స్టాంపులు 20, సూదులు 10, దారం రీళ్లు 6, చిల్లి పొడిచే ఆరెలు 4, కుట్టు చిల్లులు వేసే చిజిల్స్ 4, గ్రూవర్ ‘సెవెన్ ఇన్ వన్’ కాబట్టి ఒక్క పిడికే 7, ప్రెస్ బటన్ బిగించే ముక్కలు 3, వేలి తొడుగులు 2, అంచు చెక్కే బెవెలర్ 1, అంచు రుద్దే కట్టె 1, కొలత టేపు 1. కూడితే సరిగ్గా 59. ఒక్కటీ తగ్గలేదు, తమరి నిజాయితీకి జోహార్లు. ఈ లెక్కన ఉల్లిపాయలో ప్రతి పొరా ఒక కూరగాయే.

ఇన్నింటిలో కత్తి మాత్రం లేదు. పందిట్లో పెళ్లికొడుకు తప్ప అందరూ ఉన్నట్టుంది.

మన ఊళ్లో ఏ సెంటర్లోనైనా గొడుగు కింద చెప్పులు కుట్టే తాత ముందు పరిచి ఉన్నవి చూడండి: ఒక రంపె, ఒక ఆరె, ఒక ఇనుప దిమ్మ, పదును పెట్టుకునే రాయి, ఒక మైనం ముద్ద. అయిదు. రంపె తోలును కోస్తుంది, అదే రంపె అంచును పలచగా చెక్కుతుంది. ఆరె మొనకు చిన్న కొక్కెం ఉంటుంది. చిల్లి పొడిచి, కింది నుంచి దారాన్ని ఉంగరంలా పైకి లాక్కొచ్చేది అదే. ఆ రెండింటి పదునూ బొటనవేలికి తెలుస్తుంది. తమరికి పదును పెట్టే రాయి పెట్టెలోనూ లేదు, బొమ్మల కాగితంలోనూ లేదు. అదే పనిని ‘చెప్పులు కుట్టడం’ అంటే ముఖం తిప్పుకున్న వీధి, ‘లెదర్ క్రాఫ్ట్’ అనేసరికి తమరికి ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టిందనుకోండి. ఆ పాపం తమరిది కాదు, వదిలేద్దాం.

ఇక చిజిల్స్. తమరి వంశంలో కాస్త పనికొచ్చేవి ఇవే కాబట్టి వీటినే ఎక్కువ తిడతాం. పళ్ల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు, బాగానే ఉంది. పళ్ల పక్కలు మాత్రం మిషన్ కోసిన గీతలతో అలాగే గరుకుగా ఉన్నాయి. 3 మిల్లీల తోలులో దించగానే పట్టేసుకుంటాయి. బయటికి లాగితే తోలు కూడా వెంట వస్తుంది. అటూ ఇటూ ఊపి పీకితే చిల్లులు సాగుతాయి, ఒకోసారి పన్నే వంగుతుంది. మందు ఉంది: 400 నంబరు ఉప్పుకాగితాన్ని సన్నటి పట్టీగా కోసి పళ్ల సందుల్లో లాగాలి, తర్వాత 1000, ఆ తర్వాత పచ్చ పాలిషింగ్ కాంపౌండ్ రాసిన తోలుపట్టీ. కొట్టే ముందు పళ్లను ఒకసారి తేనెమైనంలో గుచ్చి తీయాలి. తీసేటప్పుడు ఎడం చేత్తో తోలును బల్లకు అదిమి పట్టి నిట్టనిలువుగా లాగాలి. ఈ సేవంతా ఒక గంట. ఈ గంట కూలి తమరి ధరలో కలిపి చూసుకుంటే, 2 పళ్లది, 6 పళ్లది రెండే రెండు మంచి చిజిల్స్ విడిగా కొనుక్కున్నా పోయేది.

కొట్టే పద్ధతి తమరి బొమ్మల కాగితంలో లేదు గనక ఇక్కడ రాస్తున్నాం. డివైడర్‌తో అంచు నుంచి 3, 4 మిల్లీల లోపల గీత పెట్టాలి. ప్రతిసారీ చిజిల్ మొదటి పన్ను వెనకటి ఆఖరి చిల్లిలో కూర్చోవాలి, లేకపోతే కుట్ల దూరం చెదురుతుంది. చిజిల్ పక్కకు ఒరిగిందా, పైన గీత చక్కగానే కనిపిస్తుంది, తిప్పి చూస్తే వెనక వరస తాగినవాడి నడక. మూలల దగ్గర రెండు పళ్లది వాడాలి. ఇనుప సుత్తితో కొట్టకూడదు, తల చితికి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. కొయ్య సుత్తో నైలాన్ సుత్తో చాలు. కింద వంటింట్లో కూరలు తరిగే మందపాటి ప్లాస్టిక్ బోర్డు ఉండాలి, రాయి ఉండకూడదు.

రాయికి వేరే పని ఉంది. వంటగట్టులో సింకు కోసం గ్రానైట్ కోసినప్పుడు మధ్య ముక్క మిగిలిపోతుంది. గ్రానైట్ దుకాణంలో అడిగితే దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. తోలు చెక్కడానికీ, స్టాంపు కొట్టడానికీ అంత చదునైన బల్ల ఇంకోటి దొరకదు. తమరి 59లో అది లేదు. ఉంటే పార్సిల్ ఖర్చు తమరి ఖరీదును మించిపోయేదిలెండి.

దారం సంగతి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. ఆరు రీళ్లు, ఆరు రంగులు, అన్నీ 1 మిల్లీ మందమే. 1.2 మిల్లీల పర్సు తోలు మీద అది జేబురుమాలుకు మోకుతో అంచు కుట్టినట్టు ఉంటుంది. పర్సుకు 0.6, బెల్టుకు 0.8 సరిపోతుంది. రెండు సూదుల కుట్టుకు కుట్టు పొడవుకు నాలుగు రెట్లు దారం, పైన రెండు చివర్లా జానెడు. అంటే 20 సెంటీమీటర్ల కుట్టుకు మీటరు పైచిలుకు. తోలు మందమైతే అయిదు రెట్లు. ప్రతి చిల్లిలోనూ ముందు వెళ్లే సూది ఏదో అదే ముందు వెళ్లాలి, లేదంటే కుట్ల వాలు ఒకటి అటు, ఒకటి ఇటు. ఇంత కష్టపడి చేత్తో కుట్టేది దేనికంటే, ఈ కుట్టులో రెండు దారాలూ ప్రతి చిల్లి గుండా పూర్తిగా దూరి వెళ్తాయి. ఒకటి తెగినా రెండోది పట్టుకుని ఉంటుంది. మిషన్ కుట్టులో ఒకచోట తెగితే పక్క కుట్లు వరసగా వదులైపోతాయి.

తమరు అన్నిటికన్నా గర్వంగా చూపించే ఆ 20 నగిషీ స్టాంపుల దగ్గరికి వద్దాం. ఒకటి చెప్పండి, ఏ తోలు మీద కొట్టాలో తమరి పెట్టె మీద ఎక్కడైనా రాశారా? బజార్లో బ్యాగులకూ జాకెట్లకూ వాడేదంతా ఎక్కువగా క్రోమ్ టాన్ తోలే, అంటే క్రోమియం ఉప్పులతో ఊనిన (కుళ్లకుండా పదును చేసిన) తోలు. దాని మీద ఎంత గట్టిగా కొట్టినా ముద్ర నిలవదు, సాయంత్రానికి మళ్లీ పైకి ఉబుకుతుంది. స్టాంపులకు వెజ్ టాన్ కావాలి, అంటే చెట్ల బెరడుతో, కాయలతో ఊనిన తోలు. మన ఊళ్లలో లందలో, అంటే తోలు ఊనే తొట్టిలో, తంగేడు చెక్క వేసి నానబెట్టినది ఆ జాతిదే. కోసిన అంచు చూడండి: వెజ్ టాన్ అయితే లోపలంతా గోధుమరంగు, క్రోమ్ అయితే తరచుగా నీలం కలిసిన బూడిదరంగు. వెజ్ టాన్ మీద నీటిచుక్క వేస్తే ఇంకి నల్లబడుతుంది. స్టాంపు కొట్టే ముందు స్పాంజితో తడిపి, రంగు దాదాపు మామూలుకు వచ్చేదాకా ఆగాలి. చెంపకు ఆనిస్తే ఇంకా చల్లగా తగలాలి. మరీ తడిగా ఉంటే ముద్ర మెత్తగా పూడుకుపోతుంది, మరీ ఎండితే పడదు.

ఇక్కడే తమరి తుప్పు చేసే అసలు ఘనకార్యం. తడి వెజ్ టాన్ మీద ఇనుము ఆనిందా, క్షణాల్లో నీలిమచ్చ, కాసేపటికి నలుపు. తోలులో ఉన్న టానిన్ (బెరడు, కాయల నుంచి దిగిన వగరు పదార్థం), ఇనుము కలిస్తే పుట్టే రంగు అది. కలంకారీవాళ్లు చేసేది ఇదే పని, తేడా ఏంటంటే వాళ్లు కావాలని చేస్తారు. కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీస్తే నల్లగీత పడుతుంది. పాడేరు, అరకు అడవుల్లో ఏరే కరక్కాయే తోళ్లు ఊనడానికీ పనికొస్తుంది. కాబట్టి తమరి స్టాంపు మీద పూత గీసుకుపోయి లోపల ఇనుము బయటపడితే, పర్సు మీద పడేది పువ్వు కాదు, పువ్వు చుట్టూ దిష్టిచుక్క. మచ్చ తాజాగా ఉంటే నిమ్మరసం పలచగా రాసి, తర్వాత తడిగుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. ముందు పనికిరాని ముక్క మీద చేసి చూసుకోవాలి. చెమట చేత్తో ఇనుప స్కేలు పట్టుకుని తడితోలు మీద పెట్టినా ఇదే మచ్చ. ఈ ఊళ్లో మే నెలలో చెమట లేని చెయ్యి ఎవరిదో మాకు చూపించండి.

బెవెలర్ గారు అంచును చెక్కరు, దున్నుతారు. ఏటికొప్పాక లేత్ మీద తిప్పించుకుంటే అంచు రుద్దే కట్టె తమరి కట్టెకన్నా నునుపుగా వస్తుంది. కాకపోతే బొమ్మల అంకుడు కర్ర మెత్తన, టేకులాంటి గట్టి కర్ర మనమే పట్టుకెళ్లాలి. ప్రెస్ బటన్ల గురించి ఒక్క మాట: కాడ తోలు దాటి 2 నుంచి 3 మిల్లీలు పైకి రావాలి. ఎక్కువైతే ఒంగుతుంది, తక్కువైతే తల విచ్చుకోదు, మూడో రోజున ఊడి చేతికొస్తుంది.

తమరిని ఆ రెక్సిన్ సంచిలోనే ఉంచి జిప్పు వేయమని తమరిని అమ్మినవాళ్లు రాశారు. లోపలి స్పాంజి తేమను పీల్చి దాచిపెడుతుంది. అందుకే తమరికి తుప్పు. మేము చేసేది చెప్తాం: ఇనుప పనిముట్లకు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క రాసి, నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో గట్టి మూత డబ్బాలో పెట్టాలి. కొబ్బరినూనె వద్దు, జిగటెక్కి వాసన పట్టేస్తుంది. పని మొదలెట్టేముందు నూనె తుడిచేయకపోతే అదీ తోలు మీద మచ్చే. తోలు మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, వారంలో తెల్లబూజు వస్తుంది. మెరుపు వైపు బయటికి ఉండేలా చుట్టి పాత పంచెలో పెడితే గాలి ఆడుతుంది. వానాకాలం జిగురుదీ ఇదే కథ. రెండు వైపులా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా, పది పదిహేను నిమిషాలు ఆగి అతికిస్తాం కదా. జిగురులోని ద్రావకం ఆరుతూ పైపొరను చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద పేరుకుంటుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, అతికించాక పొరలా ఊడొస్తుంది. ముసురు పట్టిన రోజున ఫ్యాను కింద కోత పని పెట్టుకుని, జిగురు పని మర్నాటికి వాయిదా వేయడం మేలు.

చివరగా తమరిని పూర్తిగా పారేయడం లేదు. సూదులు పది మంచివే, ఉంచుకుంటాం. ఆరెల్లో ఒకటి రాయి మీద రుద్దితే దారికొచ్చింది. వేలి తొడుగులు ఎవరి వేలికీ పట్టలేదు.

ఇట్లు,
తమరి జిప్పు పుల్లర్ ఊడిపోయిన పక్క నుంచి చూస్తున్న
ఒక చిన్న తోలుపని కొట్టు.

తా.క.: తమరి తమ్ముడు, 37 పీసుల అక్షరాల సెట్టు గారికి కూడా ఈ ఉత్తరం చూపించండి. ఇంగ్లిషు అక్షరాలు 26, అంకెలు 10, పిడి 1. అప్పలరాజు అని కీచైన్ మీద కొట్టాలంటే వారి లిపిలో 10 అక్షరాలు, ఒక్కోటి 6 మిల్లీలు, మొత్తం 60. కీచైన్ పొడవేమో 50. తెలుగులో అయితే అయిదక్షరాలే, ఇత్తడి అచ్చు అద్దంలో బొమ్మలా తిరగేసి చెక్కించుకోవాలి అంతే. ‘ప్ప’ వత్తు సందులో తోలు తెగకుండా అంచులు కాస్త గుండ్రం చేయమని చెక్కేవాడికి ముందే చెప్పాలి.