మీల్ మేకర్ తింటే మగ హార్మోన్ తగ్గిపోతుందా?

మొన్న ఆదివారం మీల్ మేకర్ బిర్యానీ చేస్తే, ఇంటర్ చదివే మా మేనల్లుడు ముక్కలన్నీ ఏరి కంచం అంచున పెట్టేశాడు. "ఏంట్రా, బాగా లేదా?" అంటే ఫోన్ తీసి వాట్సాప్ మెసేజ్ చూపించాడు. మీల్ మేకర్‌ను తయారుచేసే సోయాలో ఆడ హార్మోన్ ఉందట, తింటే మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ పడిపోతుందట, మగాళ్లకు రొమ్ములు పెరుగుతాయట, ఈ కాలం కుర్రాళ్ల నీరసానికి అదే కారణమట. చదివి నాకు చాలా బాధేసింది. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే. మాంసం తినని ఇళ్లలో ఎదిగే పిల్లలకు తక్కువ ఖర్చులో దొరికే బలం అది.

ముందు ఆడ హార్మోన్ సంగతి. సోయాలో ఉండేవి ఐసోఫ్లేవోన్లనే మొక్క పదార్థాలు. చూడ్డానికి ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్‌ను పోలి ఉంటాయి కానీ ఈస్ట్రోజన్ కావు, ఒంట్లో వాటి ప్రభావం దానికన్నా చాలా బలహీనం.

టెస్టోస్టెరాన్ పడిపోతుందా? మగవాళ్లకు సోయా ఇచ్చి రక్తం పరీక్షించిన అధ్యయనాలను కలిపి 2010లో ఒకసారి, 2021లో మరోసారి లెక్క తీశారు. రెండోసారి చూసినవి 41. టెస్టోస్టెరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజన్ పెరగలేదు.

రొమ్ములు పెరిగిన మాట మాత్రం నిజమే, అలా ఒకాయనకు జరిగింది. 2008లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఆయనకు 60 ఏళ్లు, రోజుకు దాదాపు 3 లీటర్ల సోయా పాలు తాగేవాడు. మానేశాక ఈస్ట్రోజన్ మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. వారానికోసారి కూరలో వేసే గుప్పెడు ముక్కలకూ దానికీ పోలికే లేదు.

మరి టెస్టోస్టెరాన్‌ను నిజంగా తగ్గించేవి ఏవి? ఒకటి పొట్ట. కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది. రెండోది నిద్ర. చికాగోలో 10 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లను వారం పాటు రోజుకు 5 గంటలే పడుకోనిస్తే, పగటిపూట టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం తగ్గింది. మావాడు రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి పొద్దున్నే ఆరింటికి కాలేజీ బస్సెక్కుతాడు.

అన్నిటికన్నా నాకు భయం జిమ్‌లో చాటుగా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లంటే. బయటి నుంచి హార్మోన్ వస్తుంటే, ఇక చాలని మెదడు వృషణాలకు సంకేతాలు పంపడం ఆపేస్తుంది. వృషణాలు చిన్నవవుతాయి, వీర్యకణాలు పడిపోతాయి. సూది మానేశాక కూడా సొంత ఉత్పత్తి తేరుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే.

నిజంగా అనుమానం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. ఉదయం 8 నుంచి 10 లోపే ఇవ్వాలి, వేరే రోజు ఇంకోసారి కూడా. మధ్యాహ్నానికి ఈ హార్మోన్ అందరికీ తగ్గుతుంది, ఆ ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి.