పై ఇంటి బాత్రూమ్‌ను క్షమించిన వైనం

ఇది నిన్న రాత్రి జరిగింది. కడుపులో ఇంకా మండుతూనే ఉంది, చల్లారకముందే రాసేస్తున్నాను.

భస్మ బుధవారం నాడు, అంటే ఈస్టరుకు ముందు మా క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే రోజున, ఒక తీర్మానం చేసుకున్నాను. కొందరు మాంసం మానేస్తారు, కొందరు టీవీ మానేస్తారు. నేను నెపం మానేస్తానన్నాను. ఏం జరిగినా తప్పు పక్కవాడి మీదకు నెట్టడం నాకు చిన్నప్పటి జబ్బు. ఈ నలభై రోజులూ ఎవర్నీ ఒక్క మాట అననని మా ఆవిడ ముందు ప్రమాణం చేశాను. ఈస్టరు దాకా లెక్కపెడితే 46 రోజులు వస్తాయి, ఆదివారాలు ఆరూ తీసేస్తేనే 40. అంటే వారానికో రోజు వెసులుబాటు ఉందన్నమాట. మొదటి ఆదివారమే అది పనికొచ్చింది. పొద్దున లేచి చూస్తే హాల్లో ఫాల్స్ సీలింగ్ మీద పళ్లెమంత మరక.

మా హాలుకు సరిగ్గా పైన, పై ఇంటి మాస్టారి బాత్రూమ్. కోలారు వైపు ఆయన, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, తెలుగూ కన్నడమూ కలిపి మెత్తగా మాట్లాడతారు. ఇక ఆలోచించడానికేముంది? అసోసియేషన్ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. ఇది నిందించడం కాదు, సమాచారం ఇవ్వడం అని మనస్సాక్షికి సర్ది చెప్పాను. ఆ యాప్ గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఎవరూ రారు, చూడరు, మూడో రోజు మాత్రం "మీ సమస్య పరిష్కారమైంది, ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని అడుగుతుంది. నాలుగుసార్లు పరిష్కారమైంది. మరక మాత్రం పళ్లెం నుంచి తాంబాళం అయింది. 2024 వేసవిలో బెంగళూరంతా బోర్లెండిపోయి ట్యాంకర్ల కోసం కొట్టుకున్నప్పుడు మా కుళాయిలో చుక్క రాలేదు. ఇప్పుడు అడక్కుండానే కప్పులోంచి వస్తోంది.

యాప్‌తో లాభం లేదని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాను. "రాత్రి పది దాటాక మొదలై తెల్లవారుజామున ఆగుతోంది. అర్ధరాత్రి ఎవరో బట్టలు ఉతుకుతున్నారు" అన్నాను. పేరు చెప్పలేదు. మా పైన ఉన్నది ఒక్క ఇల్లే. మాస్టారు "చూస్తాను సార్" అని పొట్టి జవాబిచ్చారు.

ఇంతలో శుక్రవారం గృహ కూడిక, అంటే ఇళ్లలో జరిగే ప్రార్థన, మా వంతు వచ్చింది. "నీ తీర్మానం గురించి పది నిమిషాలు సాక్ష్యం చెప్పు" అన్నారు మా పాస్టరు అయ్యగారు. బైబిల్లో నెపాలు నెట్టినవాళ్లందర్నీ ఏరి నేను అరనోటుబుక్కు రాసుకున్నాను. ఆదాము ఒక్క వాక్యంలో భార్యనూ, ఆ భార్యనిచ్చిన దేవుణ్ణీ కలిపి ఇరికించాడు. హవ్వ పామును చూపించింది. మోషే అన్న అహరోను ఇంకా ఘనుడు. జనం పూజించడానికి బంగారు దూడను చేసిచ్చి, తమ్ముడు నిలదీస్తే, బంగారం తెచ్చిచ్చారు, నిప్పులో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అన్నాడు. దూడ దానంతటదే నడిచొచ్చినట్టు! అదే అహరోను లేవీయకాండంలో మేక తలమీద రెండు చేతులూ పెట్టి, జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అరణ్యంలోకి తోలించాలి. అనుభవం ఉన్నవాడికే ఆ పని అప్పజెప్పారని నాకనిపిస్తుంది. చివర్లో దావీదు. నాతాను ప్రవక్త నిలదీస్తే "నేను పాపం చేశాను" అని, ఇంకెవరి పేరూ ఎత్తకుండా ఒప్పేసుకున్నాడు. ఆ భాగం ముగింపు కోసం దాచుకున్నాను.

పాతికమంది వచ్చారు. ఉక్కపోస్తుందని కిటికీలు మూసి ఏసీ వేశాం. పాటలు అయ్యాయి. ప్రార్థన ఒక పెద్దమ్మగారు అందుకున్నారు. ఆమె ప్రార్థనకు పాలకుల నుంచి పక్కింటి పిల్లాడి వీసా దాకా ఎవరూ మినహాయింపు కాదు.

పాలకుల దగ్గర ఉండగా మొదటి చుక్క పడింది. సరిగ్గా అయ్యగారి నడినెత్తిన. వెంట్రుకలు అడ్డం లేని తల కాబట్టి టప్‌మని శబ్దం కూడా వచ్చింది. ఆయన ఉలిక్కిపడి "స్తోత్రం!" అన్నారు. అందరూ "స్తోత్రం!" అన్నారు. నేను ఒంటికన్ను తెరిచి చూశాను. రెండో చుక్క కప్పు అంచున ఊరుతోంది. లావెక్కుతోంది. కుర్చీ జరపమందామా? అంటే ప్రార్థనలో నా కళ్లు తెరిచే ఉన్నాయని పాతికమందికీ తెలిసిపోతుంది. టప్. "స్తోత్రం!" ఈసారి జనం ఇంకా గట్టిగా అందుకున్నారు. అయ్యగారి మీదకు ఏదో దిగివస్తోందని పెద్దమ్మగారికీ అర్థమైనట్టుంది, గొంతు పెంచి రైతుల కోసం వర్షం అడగడం మొదలుపెట్టారు. టప్, టప్. "స్తోత్రం, స్తోత్రం!" కంజీర పిల్లాడు ఆపుకోలేక తాళం కూడా వేశాడు. నేను లెక్కపెట్టాను, పదకొండు చుక్కలు. ఆమేన్ అయ్యాక అయ్యగారు రుమాలు తీసి తల తుడుచుకుని, కప్పు వైపు చూసి, ఏమీ అనలేదు. అదీ పెద్దమనిషి లక్షణం.

నాకు ఆ లక్షణం లేదు. సాక్ష్యం మొదలుపెట్టాను. ఆదాము అయ్యాడు, అహరోను అయ్యాడు. దావీదు దగ్గరకు వెళ్లేలోపు ఇంకో చుక్క నా నోటుబుక్కు మీద పడి సిరా అలికేసింది. అప్పుడు వచ్చింది నాకు ఆవేశం. వేలు పైకెత్తి, "మీరే చూశారుగా! మూడు వారాలుగా పైవాళ్లు నన్నిలా బాధ పెడుతున్నారు. పాత మనిషినైతే రచ్చ చేసేవాణ్ణి. ఇవాళ మీ అందరి ముందూ వాళ్లను మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను" అన్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. అందరూ నా వెనక గుమ్మం వైపు చూస్తున్నారు. మాస్టారూ ఆయన భార్యా నిలబడి ఉన్నారు. భోజనానికి రమ్మని మా ఆవిడ పిలిచిందట. నాకు చెప్పలేదు. చెప్తే నేనేమంటానో ఆమెకు తెలుసు.

"సార్," అన్నారు మాస్టారు, "మీ మెసేజ్ విన్నప్పటి నుంచీ మేము ఆ బాత్రూము వాడటం లేదు. లైను కట్టేసి తాళం వేసినాము. అవతల చిన్నదాంట్లోనే ఇద్దరమూ..."

టప్.

మా యువజనుల్లో ఒకడు ఏసీ మెకానిక్. లేచి వెళ్లి స్విచ్ ఆపాడు, స్టూలెక్కి లైటు ఊడదీసి ఆ కన్నంలోంచి చూశాడు. "అంకుల్, ఇది మీ ఏసీ నీళ్లే. డ్రెయిన్ పైపు పైనుంచే పోతోంది. వాలు లేదు, మధ్యలో కిందికి జారింది, నీళ్లు నిలబడి జాయింట్‌లోంచి కారుతున్నాయి. ఇంతమంది ఊపిరి తేమ, అందుకే ఇవాళ ఎక్కువొచ్చింది" అన్నాడు. వేసవి రాగానే మేమంతా రాత్రి పదింటికి ఏసీ వేసుకుని ఆ హాల్లోనే పడుకుంటామన్న సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

నమ్మలేక నేనూ స్టూలెక్కి తల దూర్చాను. ఇంత లావు కాంక్రీటు దూలం, దాని కింద చెమ్మగా నా పైపు. జిప్సం పొడి రాలి కంట్లో పడింది.

"నలుసా?" అంది మా ఆవిడ కిందనుంచి.

దావీదు వాక్యం చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. "ఆ ఏసీ బిగించినవాడు ఉన్నాడే, అదనపు పైపుకని వేరే డబ్బులు తీసుకుని మరీ..." అని వచ్చింది. అయ్యగారు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

స్టూలు దిగేసరికి మాస్టారు నా పక్కకొచ్చి, ఎవరూ వినకుండా మెల్లగా అడిగారు:

"అయితే సార్, రేపట్నుంచి మేము ఆ బాత్రూము వాడుకోవచ్చునా?"